గోడకు నీళ్లు పట్టినవాడు

పోశన్న నోరు విప్పితే బతుకుతాడు. విప్పకపోతే చస్తాడు. ఇంత చిన్న విషయం ఆ మనిషి బుర్రకు ఎందుకు ఎక్కడం లేదో నాకు అర్థం కాలేదు.

పోలీస్ స్టేషన్‌లోని ఆ గదిలో మేం నలుగురం ఉన్నాం. బల్లకు అవతల పోశన్న. ఇవతల నేను, గులాం మొహియుద్దీన్‌ని. పుట్టింది కోరుట్ల, హైదరాబాదు సీఐడీలో సబ్ ఇన్‌స్పెక్టరుగా చేసి, పైవాడితో పడక రాజీనామా మొహాన కొట్టి వచ్చాను. ఇప్పుడు బహ్రెయిన్‌లో, మనామాలో ఒక వకీలు దగ్గర కేసులకు కాళ్లూ చెవులూ నేనే. పోశన్న తరఫు వకీలు ఆయనే. బల్లకు ఒక పక్క కుర్రవాడైన బహ్రెయినీ లెఫ్టినెంట్. అతని పక్కన, ఆ ఉద్యోగంలో పుట్టి పెరిగినట్టు కాలు మీద కాలేసుకుని, సోమరాజు.

సోమరాజుది పాలకొల్లు. ఇన్సూరెన్స్ కంపెనీలో సర్వేయరు. ఇక్కడికొచ్చి పద్దెనిమిదేళ్లయింది, అరబ్బీ మంచినీళ్లు తాగినట్టు మాట్లాడతాడు. తెలుగువాడు ఎవడు పట్టుబడినా స్టేషన్‌వాళ్లు దుబాసీగా ఈయన్నే పిలుస్తారు. నాకు తెలుగొచ్చు, దుబాసీ అక్కర్లేదు మొర్రో అని చెప్పాను. లెఫ్టినెంట్‌కి రాదు కాబట్టి ఆయన ఉండి తీరాలన్నారు.

కేసు ఇదీ. యుద్ధంతో వ్యాపారాలు పడిపోయాక మొహర్రక్ పాత పేటలో చాలామంది బ్యాంకు అప్పులు కట్టలేకపోయారు. బ్యాంకులు ఇళ్లు జప్తు చేసి తాళాలేశాయి. కొనేవాడు లేక ఆ ఇళ్లు అలాగే పడి ఉన్నాయి. ఒక్కో సందు సందంతా పిల్లుల పాలైంది. అలాంటి ఇళ్లను బాగుచేయించి ఇల్లు లేని కుటుంబాలకు ఇవ్వాలని సర్కారు ఒక నిధి పెట్టింది. పని కాంట్రాక్టరుది. పని అయిందో లేదో చూసి సంతకం పెట్టాల్సింది నిధి ఇన్‌స్పెక్టరు అహ్తెషామ్. మన బోధన్ మనిషే. గురువారం మధ్యాహ్నం ఒక సందులో ఇళ్లు చూడ్డానికి పోయాడు. రిఫాలోని తన ఇంటికి తిరిగి రాలేదు.

శనివారం పోలీసులు పోశన్నను పట్టుకున్నారు. అతను ఆ కాంట్రాక్టరు దగ్గర మేస్త్రీ. పట్టుబడింది ఎక్కడో కాదు, రిఫాలో అహ్తెషామ్ ఇంటి ముందు తచ్చాడుతూ. జేబులో అహ్తెషామ్ వాచీ ఉంది. ప్యాంటు నిండా తెల్లటి పొడి. ఇంతకన్నా తేలికైన కేసు ఏ పోలీసుకైనా కలలో కూడా దొరకదు.

"పోశన్నా, ఆ వాచీ నీ జేబులకు ఎట్లొచ్చింది?" అని అడిగాను.

"నాకేం తెల్వది సాబ్."

"దానంతటదే నడిసొచ్చిందా?"

పోశన్న తల దించుకున్నాడు. అతని కళ్లు బల్ల కిందుగా సోమరాజు బూట్ల మీద నిలిచాయి. ప్రతి ప్రశ్నకూ అంతే. సిగ్గుపడుతున్నాడని నేననుకున్నాను.

"నీ క్యాంపు అస్కర్ల ఉంది. రిఫాల నీకేం పని? అహ్తెషామ్ పెండ్లాం మదీహా బేగంను ఎందుకు కలుస్తానికి పోయినవ్?"

"నాకేం తెల్వది సాబ్."

"అహ్తెషామ్ ఎక్కడున్నడో చెప్పు. బతికుంటే నువ్వు బతుకుతవ్. ఇయ్యాల మూడింటికి ఫైలు పైకి వోతది. ఆ తర్వాత నేను గాదు గదా, మీ మెట్‌పల్లి మొత్తం దిగొచ్చినా నిన్ను ఇడిపియ్యలేదు."

పోశన్న తలెత్తాడు. ఏదో చెప్పబోయాడు. మళ్లీ ఆ బూట్లకేసి చూశాడు. మింగేశాడు. తర్వాత సంబంధం లేకుండా, "బయట ఎండ మస్తు గొడ్తుందా సాబ్?" అన్నాడు.

"ఆగస్టు గదా. నిప్పులు వడ్తున్నయ్."

"గీ ఎండల నీళ్లు లేకుంట మనిషి ఎన్ని దినాలుంటడు?"

సోమరాజు నవ్వి, దాహంగా ఉందంటున్నాడని లెఫ్టినెంట్‌కి చెప్పాడు. కానిస్టేబుల్ గ్లాసుడు నీళ్లు తెచ్చి పెట్టాడు. పోశన్న ముందు అప్పటికే ఒక నిండు గ్లాసు ఉంది. రెండింటిలో దేన్నీ అతను ముట్టలేదు. నేనది చూశాను. చూసి, మట్టిబుర్ర వేసుకుని ఊరుకున్నాను.

వరండాలోకి రాగానే సోమరాజు నా భుజం మీద చెయ్యేశాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఎందుకండీ సాయిబు గారూ మీకీ ఆయాసం? వాచీ కోసం చంపేశాడు. ఇంట్లో ఇంకేవన్నా దొరుకుద్దేమోనని రిఫా వెళ్లాడు. దొరికిపోయాడు. అయిపోయింది కదండీ."

"శవం ఏది?"

"సవుద్రం లేదేంటండీ?"

"ప్యాంటుకు సముద్రం అంటుకోలే. గోడ పొడి అంటుకుంది. ఆ సందుల ఇండ్లన్నీ నేను జూడాలె."

"పోలీసులు చూశారండి. ఏడు ఇళ్లూ తెరిచి మరీ చూశారు. ఖాళీ."

లెఫ్టినెంట్ మంచివాడు. నాకు గంట టైమిచ్చాడు. మేస్త్రీ దగ్గర దొరికిన తాళాల గుత్తిని ఆ ఇళ్ల ఇన్సూరెన్స్ వాళ్లకు అప్పగించారట, అంటే సోమరాజుకు. కాబట్టి ఆయన కూడా నాతో వచ్చాడు. అడక్కుండానే వచ్చాడని చెప్పాలి.

మేం వెళ్లేసరికి ఒంటిగంట దాటింది. సందు చివర ఒక బుల్డోజర్ ఆగి ఉంది. బాగుకు పనికిరాదన్న ఇళ్లను పడగొట్టే పని దానిది. డ్రైవరు పఠాన్, దాని నీడలో కూర్చుని రొట్టె తింటున్నాడు.

మొదటి ఇంటి ముందు గోడకు తెల్లగా సున్నం, తలుపుకు నీలం రంగు. భేషుగ్గా ఉంది. తలుపు తీసి లోపలికి అడుగుపెడితే నెత్తిమీద ఆకాశం కనిపించింది. కప్పు ఎప్పుడో కూలింది. రెండోదీ అంతే. మూడోదాంట్లో గోడలు కూడా సగమే ఉన్నాయి.

"బాగుచేసిన ఇల్లంటే ఇదేనా?"

"మొదటి విడతండీ. ముందు బయట, తర్వాత లోపల."

"మీ దిక్కు ముందు మొహానికి పౌడర్ కొట్టి, ఆనక పెండ్లిపిల్లను దేవులాడుతరా?"

"మీరొచ్చింది హత్య గురించా, సున్నం గురించా?" అన్నాడు సోమరాజు. ఆ అనడంలో మర్యాద తగ్గింది.

ఐదో ఇల్లు కొంచెం నయం. కప్పు ఉంది. మేడ మీద గాలిని పట్టి కిందికి దింపే పాతకాలపు బురుజు కూడా చెక్కు చెదరలేదు. ఇంటికంతటికీ ఒకటే తలుపు, చుట్టూ రెండు నిలువుల ఎత్తు గోడ. మెట్లు ఏనాడో విరిగిపడ్డాయి. నడవా దాటి లోపలి గదిలోకి పోయి నాలుగు గోడలూ చూశాను. మూడు గోడలు ఎండిన రొట్టెలా ఉన్నాయి. నాలుగోది తడిసిన రొట్టెలా ఉంది. ఛాతీ ఎత్తు నుంచి కింది దాకా పూత ఉబ్బిపోయి పెచ్చులుగా రాలుతోంది.

"సవుద్రపు చెమ్మండీ. ఈ ఊళ్లో ఏ గోడైనా ఇంతే."

"చెమ్మ కింది నుంచి పైకెక్కుతది. ఇది పైనుంచి కిందికి కారింది. ఎవడో చెంబుతోటి నీళ్లు కొట్టిండు. ఒక్కసారి గాదు, రెండు మూడుసార్లు."

"గోడ మీద నీళ్లెందుక్కొడతారండీ ఎవడైనా?"

ఆ మాటకు నాలో ఉన్న మేధావి నిద్రలేచాడు. లేవకపోయినా బాగుండేది.

ఈ పాత ఇళ్లన్నీ సముద్రపు రాయితో కట్టి జిప్సంతో పూసినవి. జిప్సానికి నీళ్లంటే గిట్టదు. నాకెలా తెలుసంటే, ఈ దేశం వచ్చిన కొత్తలో రంజాన్ ముందు గది కడుగుదామని బకెట్ నీళ్లు గోడకు కొట్టాను. తెల్లారేసరికి పూత నేల మీద ఉంది, ఇంటాయన నా నెత్తిమీద ఉన్నాడు. ఇక్కడి మేస్త్రీ ఎవడూ ఇలాంటి గోడ మీద చుక్క నీళ్లు పడనివ్వడు.

"కాని మనూరి మేస్త్రీ ఎట్ల జేస్తడు?" అన్నాను సోమరాజుతో, వేలు ఆడిస్తూ. "వానికి తెల్సింది సిమెంటు. గోడ కట్టిన తెల్లారి నీళ్లు పట్టకుంటే వానికి తిన్నది అరగది. నిద్రల లేపినా నీళ్లే పడ్తడు. గిది పాత గోడ గాదు సోమరాజు గారూ. ఇక్కడ ఒక ద్వారం ఉండె. మొన్న మొన్న మూసిండ్రు. మూసినోడు ఇక్కడోడు గాదు, సిమెంటు పనికి అలవాటైన మన తెలంగాణోడు."

చెప్పడం పూర్తయ్యాక గాని నేనేం చెప్పానో నాకు తెలియలేదు.

సోమరాజుకు మాత్రం వెంటనే తెలిసింది. మొదట అతని మొహం పాలిపోయింది. తర్వాత మెల్లగా నవ్వు వచ్చింది.

"అంటే మీ పోశన్నే కదండీ. ఆయ్! అహ్తెషామ్ గారు ఆ గోడ వెనకాలున్నట్టు. శవం ఏదీ ఏదీ అన్నారు, మీరే పట్టేశారు. మీ క్లయింటు మెడకి తాడు మీరే పేనారండీ."

నాకు సిగ్గేసింది, అంతకంటే బాధేసింది. ఆ మెట్‌పల్లి మనిషిని విడిపించడానికి వచ్చి, ఎవడికీ దొరకని సాక్ష్యాన్ని నా చేత్తో వెతికి ఇచ్చాను. తెలివి ఎక్కువైతే ఇలాగే తగలడుతుంది.

సోమరాజు జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. గోడ దగ్గరికి పోయాడు. రుమాలు తీసి గాలి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. తర్వాత వాచీ చూసుకున్నాడు.

"నేనెళ్లి లెఫ్టినెంట్ గారిని తీసుకొస్తాను. మీరు ఇక్కడే ఉండండి. సాక్ష్యం చెదరకూడదు కదండీ, పోలీసు పని చేసినోరు, మీకు నేను చెప్పాలా?"

తాళాల గుత్తి ఆడించుకుంటూ వెళ్లిపోయాడు. నేను బుద్ధిమంతుడిలా నిలబడ్డాను. ఉద్యోగం వదిలినా, సాక్ష్యం దగ్గర కాపలా ఉండే అలవాటు నన్ను వదల్లేదు.

నిలబడినవాణ్ని ఊరికే ఉండలేక ఆలోచించాను. పోశన్న గురువారం మనిషిని చంపి గోడ కట్టాడనుకుందాం. మరి ఆ గోడకు నీళ్లు పట్టడానికి మళ్లీ మళ్లీ వస్తాడా? చంపినవాడు ఆ చుట్టుపక్కలకే రాడు. సరే, వచ్చాడే అనుకుందాం. గురువారం నుంచి సోమవారం దాకా, ఆగస్టు ఎండలో, మూసిన గదిలో శవం. సందు మొదట్లోనే కంపు కొట్టాలి. ఇక్కడ ఏ వాసనా లేదు. సోమరాజు రుమాలు తీసి పీల్చింది అందుకే. నాకన్నా ముందే అతనికి అర్థమైంది.

పోశన్న ముందున్న రెండు నిండు గ్లాసులు అప్పుడు గుర్తొచ్చాయి. నీళ్లు లేకుండా మనిషి ఎన్ని రోజులుంటాడని అతను అడిగింది తన గురించి కాదు.

పిడికిలితో గోడను గుద్దాను. ఇంకోసారి గుద్దాను.

"పోశన్నా?" అని లోపలి నుంచి ఒక గొంతు. గొంతు కూడా కాదు, ఎండిపోయిన గీత.

కింద పడి ఉన్న దూలం ముక్క అందుకుని తడిసిన చోట పొడిచాను. గోడ అట్టలా ఊడింది. రెండు రాళ్లు లాగితే తల పట్టేంత కంత పడింది. చీకట్లో, బురుజు నుంచి దిగే సన్నటి వెలుతురులో, ఒక మనిషి గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. పెదవులు చిట్లి నల్లబడ్డాయి. ఒక కాలు చెక్క ముక్కలతో కట్టి ఉంది.

ఎండకని వెంట తెచ్చుకున్న నీళ్ల సీసా తీసి లోపలికి అందించాను. అతను సగం తాగి, సగం మీద పోసుకుని, కాసేపు దగ్గాడు. అల్లాకు నేను ఆ క్షణంలో చెప్పుకున్నంత షుక్రియా ఎన్నడూ చెప్పుకోలేదు. అహ్తెషామ్ బతికి ఉన్నాడు. అంటే పోశన్న కూడా బతుకుతాడు.

"పోశన్న ఏడి? శనివారం పొద్దున వచ్చిపోయిండు, మల్ల రాలే."

"లాకప్పుల ఉన్నడు. నిన్ను సంపిండని కేసు. ఇక్కడెందుకున్నవ్ భాయ్?"

అతను ఆగి ఆగి చెప్పాడు. ఆ ఇళ్లకు సంతకం పెట్టనన్నాడు. గురువారం ఆ సందు మొగలో ఒక పికప్ కావాలని మీదికొచ్చింది. కాలు విరిగింది. అక్కడ ముందు గోడలకు సున్నం కొడుతున్న పోశన్న ఒక్కడే చూశాడు. భుజాన వేసుకుని తన దగ్గరున్న తాళంతో ఈ ఇంట్లోకి తెచ్చాడు. పికప్‌లో వచ్చినవాళ్లు ఒక్కో ఇల్లూ వెతుకుతున్నారని తెలిసి, సాయంత్రంలోపు ద్వారం మూసేశాడు. పైన ఒక రాయిని వదులుగా ఉంచి, అందులోంచి రొట్టె, నీళ్లు ఇచ్చేవాడు. పొద్దున వచ్చినప్పుడల్లా గోడకు కూడా నీళ్లు పట్టి పోయేవాడు.

"వద్దురా అన్న. ఇనలే. నీళ్లు పట్టకుంటే గోడ పగుల్తది సార్ అన్నడు."

"వాచీ?"

"నేనే ఇచ్చిన. అది జూపిస్తెనే గదా మదీహా నమ్మేది. రేపు మంగళవారం నిధి కమిటీ కూసుంటది. అప్పటిదాక పానంతోటి ఉండి, వాండ్ల ముందర నోరిప్పితే సాలనుకున్న."

"పోలీసుల దగ్గరికి పోతే గాకపోయెనా?"

"పోశన్నను పొమ్మన్న. పోనన్నడు. స్టేషన్ల మన మాటను అరబ్బీల చెప్పేటోడు ఎవడో వానికి ఎరికే." అహ్తెషామ్ పెదవులు తడుపుకున్నాడు. "ఇల్లు బాగైందని రెండు సంతకాలు గావాలె సాబ్. ఒకటి నాది, ఇంకొకటి ఇన్సూరెన్స్ సర్వేయరుది. ఆయన ఏడిండ్లకు చూడకుంటనే పెట్టిండు. కాంట్రాక్టుల సగం వాటా ఆయనదే. పికప్‌ల డ్రైవర్ పక్కన కూసున్నది సోమరాజే. నా కండ్లతోటి జూసిన."

పోశన్నతో తెలుగులో మాట్లాడుతున్నానని, మనసు విప్పుతాడని స్టేషన్‌లో ఎంత మురిసిపోయాను! ఆ గదిలో తెలుగొచ్చిన మనిషి ఇంకొకడు కూర్చున్నాడు. పోశన్న నోరు తెరిస్తే ఆ మాట ముందు చేరేది అతని చెవికే. అందుకే ఉరికైనా సిద్ధపడి నోరు మూసుకున్నాడు. పాపిష్టివాణ్ని, ఆ మూసుకున్న నోటి పనంతా నేను చేసిపెట్టాను. ఏ గోడ వెనక వెతకాలో వేలు పెట్టి చూపించాను.

వీధి వైపు తలుపు గట్టిగా మూసుకుంది. గడియ పడింది. తాళం తిరిగిన చప్పుడు నడవా దాటి స్పష్టంగా వినపడింది.

పరిగెత్తాను. తలుపు టేకుది, నీలం రంగు మాత్రమే కొత్తది. భుజంతో రెండుసార్లు గుద్దితే నా భుజమే కదిలింది. సందులోంచి సోమరాజు గొంతు వినిపించింది. తొందర లేదు, కంగారు లేదు. రోజూ చేసే పనిలా, పఠాన్‌కి హిందీలో చెబుతున్నాడు.

"ఇదర్ సే షురూ కరో. ఏ ఘర్ భీ లిస్ట్ మే హై. మై ఖుద్ దేఖ్ కే ఆయా, అందర్ కోయీ నహీ హై. యల్లా, యల్లా!" ఈ ఇల్లూ జాబితాలో ఉందట, లోపల ఎవరూ లేరట, ఇక్కణ్నుంచే పడగొట్టాలట.

"సోమరాజూ!" అని అరిచాను. ఇంజన్ స్టార్టయింది. నా అరుపు నాకే వినపడలేదు. లోపలి గది నుంచి అహ్తెషామ్ ఏదో అడుగుతున్నాడు, అదీ వినపడలేదు. బుల్డోజర్ గొలుసుల మీద దొర్లుతూ సందులో మా వైపు తిరిగింది. గుమ్మం మీద నుంచి సున్నం నా నెత్తిన రాలింది.

ఈ ఇంట్లో మనిషి ఉన్నాడని తెలిసినవాడు బయట ఇంకొక్కడే ఉన్నాడు. పోశన్న. ఇప్పుడతను లాకప్పులో ఉన్నాడు. భయం వదిలి అతను నోరు తెరిచినా, ఆ మాటను లెఫ్టినెంట్‌కి చెప్పాల్సినవాడు తలుపుకు అవతల నిలబడి, బుల్డోజర్‌కి దారి చూపిస్తున్నాడు.